పన్నెండు కోలల దూరం

కిల్వార్నా బడి, క్లేర్ జిల్లా
1868 అక్టోబరు 12

తమ్ముడు మాలకీకి,

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క తలుపు తప్ప. చిన్నపిల్లల గది తలుపు పది రోజులుగా మొండికేసింది. రోజూ పొద్దున్నే భుజంతో గుద్ది తెరుస్తున్నాను. టీచరమ్మ ఉద్యోగమంటే పలకలూ పద్యాలూ అనుకున్నాను గాని, తలుపులతో కుస్తీ కూడా ఉంటుందని నువ్వు ముందే చెప్పలేదు.

నీ బడిని చూసి ఊరంతా మురిసిపోతోంది. మా మేనేజరు ఫాదర్ గ్లిన్ గారైతే వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఇక్కడికి లాక్కొస్తున్నారు. "ఈ కిటికీలు చూశారా? మన హెహిర్ వాళ్ళ అబ్బాయి గీసినవే. డబ్లిన్‌లో సర్కారు కట్టడాలు గీసేది ఇప్పుడు వాడే" అంటారు. నేను పక్కనే నిలబడి, వీడి ముక్కు తుడిచింది నేనే అని చెప్పకుండా ఉండటానికి చాలా కష్టపడుతుంటాను. అరవై ముగ్గురు పిల్లలు చేరారు. పొయ్యిలోకని తలో ఎండిన టర్ఫు మట్టిపెళ్ళ చంకన పెట్టుకుని వస్తారు.

ఈ ఏడు టర్లో చెరువు తొందరగా లేచింది. వేసవంతా గొర్రెలు మేసిన చోట నేలలోంచి నీళ్ళు ఊరి, ఇప్పుడు బాతులు ఈదుతున్నాయి.

ఇంకొక్క మాట, నవ్వకు. చిన్నపిల్లల గదిలో మూడో బల్ల కింద అప్పుడప్పుడూ ఒక చప్పుడు వస్తోంది. బిడీన్ అని అయిదేళ్ళ పిల్ల ఉంది. మొన్న పలక కింద పెట్టేసి, "టీచరమ్మా, కింద ఎవరో నీళ్ళు తాగుతున్నారు" అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత అందర్నీ ఆటకు పంపి, నేల మీద చెవి ఆనించి విన్నాను. గుటక వేసినట్టే ఉంది. అప్పటి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

నీ అక్క,
సబీనా

*

డబ్లిన్
1868 అక్టోబరు 17

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో పైకే నవ్వాను. కొత్త కట్టడానికి కొత్త చెప్పుల లాగే కొన్నాళ్ళు కిర్రుమనే హక్కు ఉంది. తలుపు చెక్క పచ్చిది, తడికి ఉబ్బింది. చప్పుడంటావా, వానాకాలంలో నేల కింద నీళ్ళు కదలని ఊరు మన జిల్లాలో ఎక్కడుంది?

గోడలో పగులు ఏదైనా కనిపిస్తే మేం చేసే పని ఒకటి చెబుతాను. దానికి అడ్డంగా ఒక కాగితం ముక్క మైదాజిగురుతో అతికించి, తేదీ వెయ్యి. కాగితం చిరగకపోతే గోడ కదలనట్టు. చిరగదు, చూడు.

నీకొక కబురు. మా పెద్దాయన వేసవికి ఉద్యోగం విరమిస్తున్నారు. ఆ కుర్చీకి అనుకుంటున్న పేర్లలో నాది మొదటిదట. దేనివల్లో తెలుసా? "హెహిర్ పటాలు చూడడు, ముసలివాళ్ళని అడుగుతాడు" అని ఇక్కడ నన్ను ఆటపట్టించేవారు. ఏ ఊరెళ్ళినా ముందు అక్కడి ముసలాయన పక్కన కూర్చుని, బావి ఎక్కడ, గొయ్యి ఎక్కడ అని అడిగి రాసుకోవడం నా అలవాటు. పడమటి జిల్లాల్లో నా తొమ్మిది కట్టడాలూ అలా లేచినవే. ఇప్పుడు ఆటపట్టించినవాళ్ళే నా దగ్గర నేర్చుకుంటున్నారు.

అన్నట్టు, మన బార్తలీ నెస్టర్ ఇంకా ఉన్నాడా? ఉంటే బడి సంగతులేవీ అతని దగ్గర ఎత్తకు. వయసు మీద పడి ఏదేదో మాట్లాడతాడు. నువ్వు ఊరికే బెంగపెట్టుకుంటావు.

భయపడకు.

నీ తమ్ముడు,
మాలకీ

*

కిల్వార్నా
1868 నవంబరు 9

మాలకీ,

పగులు కనిపించింది. చిన్నపిల్లల గది పక్కగోడ మీద, కిటికీ మూల నుంచి కిందికి. నువ్వు చెప్పినట్టే కాగితం అతికించాను. ఇంట్లో మంచి కాగితం లేక నీ ఉత్తరం చివరి వరుసే కత్తిరించి అతికించాను. "భయపడకు" అన్న మాట పగులుకు సరిగ్గా అడ్డంగా వచ్చింది. పిల్లలకి కూడా ధైర్యంగా ఉంటుందనుకున్నాను.

నాలుగో రోజుకి చిరిగింది. "భయపడ" ఒక పక్క, "కు" ఒక పక్క. నీ ఉత్తరంలోంచే మరి రెండు ముక్కలు అతికించాను. అవీ చిరిగాయి.

నువ్వు వద్దన్నావు గనుకే బార్తలీ దగ్గరికి వెళ్ళాను. వద్దని చెప్పేవాడివే అయితే అతని పేరు ఎందుకెత్తావు? పొయ్యి ముందు కూర్చుని బంగాళాదుంపలు కాల్చుకుంటున్నాడు. బడి నేల కింద చప్పుడు వస్తోందన్నాను. చేతిలో దుంప పక్కన పెట్టేశాడు.

"ఏమ్మా, మీ తమ్ముడు నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"అక్కడొక మింగుడుగుంట ఉందమ్మా. టర్లో నీళ్ళు వచ్చేదీ పోయేదీ ఆ దారినే. కరువు పనులప్పుడు మేమే మూశాం. గొర్రెలు పడిపోతున్నాయని ఎవరో దొర మూయమన్నాడు. ఓకు దూలాలు పరిచి, పైన పలకరాళ్ళు పేర్చి, మట్టి కప్పాం. ఆకలి మీదున్నోళ్ళం, ఏది చెయ్యమంటే అది చేశాం. ఇరవై ఒక్క ఏళ్ళయింది. చెక్క కదా, ఎన్నాళ్ళుంటుంది?"

"అది తమ్ముడికి చెప్పావా?"

"చెప్పకేం! ఇదే పీట మీద కూర్చుని రాసుకున్నాడు. పొలం మూల రాతిస్తంభం నుంచి తూర్పుకి పన్నెండు కోలలు, ఆ చోట రాయి మీద రాయి పెట్టకు బాబూ అన్నాను. సరే తాతా అని తలూపాడు. నా పొగాకు కూడా పంచుకున్నాడు."

మాలకీ, నాకు చాలా భయంగా ఉంది. చిన్నపిల్లలు ఇరవై ఇద్దరు ఆ గదిలో కూర్చుంటారు. నువ్వు తలూపింది దేనికి? నాకు ఎందుకు చెప్పలేదు?

సబీనా

*

డబ్లిన్
1868 నవంబరు 13

అక్కా,

నువ్వు నన్ను నేరస్తుడిని చేసి అడుగుతున్నావు గనుక ఉన్నదంతా చెబుతాను.

బార్తలీ చెప్పాడు, నిజమే. నేను అతని మాట పెడచెవిన పెట్టలేదు. స్తంభం నుంచి తూర్పుకి పన్నెండు కోలలు గొలుసు పెట్టి కొలిపించాను. నూట తొంభై ఎనిమిది అడుగులు. సరిగ్గా అక్కడ తొమ్మిది అడుగుల గొయ్యి తవ్వించాను. ఏముంది? గడ్డపార మొన వంగిపోయేంత గట్టి రాయి. ముసలాయనకి మతి తప్పిందనుకున్నాను. అయినా అతని మాట మీద గౌరవంతో కట్టడాన్ని ఇంకో నలభై అడుగులు తూర్పుకి జరిపాను. ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

స్థలంలో గుంటలు లేవని నివేదిక రాసి సంతకం పెట్టాను. బార్తలీ మాట అందులో రాయలేదు. మతిలేని మాట రాస్తే స్థలం మార్చమంటారు, మన ఊరికి బడి మరో మూడేళ్ళు రాదు. అప్పుడు అదే మంచిదనిపించింది.

ఇప్పుడు ఆ మాట బయటికి వస్తే, ముందే హెచ్చరిక విని దాచాడంటారు. దయచేసి ఫాదర్ గ్లిన్‌కి చెప్పకు. క్రిస్మస్ సెలవుల్లో నేనే వచ్చి గోడకి ఆసరా పెట్టిస్తాను. అంతవరకు ఓపిక పట్టు.

బార్తలీ ఆ గుంటను చూసి ఇరవై ఏళ్ళు దాటింది. నేను గట్టి రాయిని నా కళ్ళతో చూశాను. అది గుర్తుపెట్టుకో.

మాలకీ

*

కిల్వార్నా
1868 నవంబరు 20

మాలకీ,

బార్తలీకి మతి తప్పిందో లేదో తేల్చుకుందామని నిన్న మధ్యాహ్నం అతన్ని బడికి తీసుకొచ్చాను. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తాడు. కరువు పనుల్లో కొలిచిన తాడేనట. కోలకొక ముడి. స్తంభం దగ్గర నేను ఒక కొస పట్టుకున్నాను. అతను ఒక్కో ముడీ లెక్కపెట్టుకుంటూ నడిచాడు.

తొమ్మిది ముడులు దాటాక చూస్తే నువ్వు తవ్వించిన గొయ్యి వెనకపడిపోయింది. పదకొండో ముడి దాటాక బడి గుమ్మం తొక్కాడు. పన్నెండో ముడి చిన్నపిల్లల గదిలో, మూడో బల్ల కింద పడింది. బిడీన్ కాళ్ళు పెట్టుకునే చోట.

మాలకీ, నీ కోల ఎన్ని అడుగులు?

మన కోల ఇరవై ఒక్క అడుగులు. మన నాన్న టర్ఫు గట్టు కొలిచింది దాంతోనే. పొలం గట్ల మీద తాడు కొస పట్టుకుని పరిగెత్తింది నువ్వే. పదహారున్నర అడుగుల సర్కారు కోల మీ ఆఫీసు గొలుసులో ఉంటుందేమో గాని, బార్తలీ నోట్లో ఎందుకుంటుంది? పన్నెండు మన కోలలంటే రెండు వందల యాభై రెండు అడుగులు. నువ్వు గౌరవంతో నలభై అడుగులు జరిపి, బడిని తిన్నగా గుంట నెత్తిన పెట్టావు.

ఈ మాట చెబితే బార్తలీ తిట్టలేదు. "పాపం, చదువుకున్నోడు, ఎన్ని గుర్తుంచుకుంటాడు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇవాళ పిల్లలందర్నీ మా అత్తగారి కొట్టాంలోకి మార్చాను. సాయంత్రానికే ఫాదర్ గ్లిన్ వచ్చారు. "ఏంటమ్మా ఇది? కొత్త బడి పెట్టుకుని కొట్టాంలో ఆవుల మధ్య పాఠాలా? డిసెంబరు మూడున ఇన్‌స్పెక్టర్ పర్డన్ గారు తనిఖీకొస్తున్నారు. పిల్లలు బడిలో లేకపోతే హాజరు చెల్లదు. నీ ఉద్యోగమూ ఉండదు, బడీ ఉండదు. కట్టినవాడే తన నోటితో బాగాలేదని చెప్పనీ, అప్పుడు మూద్దాం" అన్నారు.

కట్టినవాడివి నువ్వు. ఒక్క వాక్యం రాయి. నీకు దండం పెడతాను.

సబీనా

*

డబ్లిన్
1868 నవంబరు 27

అక్కా,

వారం రోజులుగా అన్నం సయించడం లేదు. ఇరవై ఒకటి. ఆ అంకె నాకు తెలియనిది కాదు. కానీ పద్నాలుగేళ్ళుగా ఈ ఆఫీసులో కోల అనగానే పదహారున్నర అని చెయ్యి దానంతటదే రాస్తోంది. బార్తలీ మాట్లాడుతుంటే మన భాషే విన్నాను, రాసుకున్నది మాత్రం ఇక్కడి లెక్క. అతను ఏ కోల చెబుతున్నాడో అడగాలని తోచనే లేదు.

నువ్వు అడిగిన వాక్యం నాలుగుసార్లు రాశాను. పెద్దాయన గది ముందు దాకా వెళ్ళాను. లోపల ఎవరితోనో నా గురించే మాట్లాడుతున్నారు, "హెహిర్ లాంటి జాగ్రత్తపరుడు మళ్ళీ దొరకడు" అని. వెనక్కి వచ్చేశాను. నాకు సిగ్గుగా ఉంది, అక్కా. అంతకంటే భయం ఎక్కువగా ఉంది. ఈ ఉద్యోగం పోతే నేనెవరిని? హెహిర్ వాళ్ళ అబ్బాయిని మాత్రమే.

ఒక్క మాట విను. తనిఖీకి ఒక్క గంట చాలు. ఆ ఒక్క గంట పిల్లల్ని లోపల కూర్చోబెట్టు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళగానే కొట్టాంలోకి మార్చెయ్యి. క్రిస్మస్‌కి నేనొచ్చి అంతా సరిచేస్తాను. ఇన్నాళ్ళు నిలబడిన నేల ఇంకో గంట నిలబడదా?

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

మాలకీ

*

కిల్వార్నా
1868 డిసెంబరు 4

మాలకీ,

ఒక్క గంట అన్నావు. నలభై నిమిషాలే పట్టింది.

ముందుగా ఇది చదువు: పిల్లలంతా బతికే ఉన్నారు. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

నీ మాట విని పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళాను. తనిఖీ ముందు రోజే బార్తలీ చేత ఆ మొండి తలుపు ఊడదీయించి బయట గోడకి ఆనించాను. పర్డన్ గారు వస్తూనే, "చలికాలంలో గదికి తలుపు లేదేంటి?" అన్నారు. గాలి ఆడటానికండీ అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పెద్దపిల్లల లెక్కలు చూసి, చిన్నపిల్లల గదికి వచ్చి బిడీన్‌ని చదవమన్నారు. అది లేచి నిలబడి, పుస్తకం వైపు కాకుండా కాళ్ళ వైపు చూసింది.

"టీచరమ్మా, తాగడం ఆపేశారు" అంది.

నిజమే. చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు చప్పుడు కంటే ఎక్కువ భయం వేసింది. బయటికి పొండి అని అరిచాను. ఇంగ్లీషులో కాదు, ఇన్‌స్పెక్టర్ ఉన్నారన్న సంగతే మరిచిపోయి మన భాషలో, గొర్రెలు తోలేటప్పుడు అమ్మ అరిచినట్టు. ఇంగ్లీషులో చెబితే ఒక్కొక్కరూ ఆలోచించేవాళ్ళు. ఇది విని లేచి పరిగెత్తారు. తలుపు ఉండి ఉంటే అందరూ దాని దగ్గరే ఇరుక్కుపోయేవాళ్ళు.

మూడో బల్ల మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. తర్వాత బల్లా లేదు, నేలా లేదు. పక్కగోడ లోపలికి వంగి ఆ గుంటలోకే పోయింది. నల్లటి నీళ్ళు గట్టుదాకా లేచి మళ్ళీ దిగాయి.

బయట చిన్నపిల్లల్ని లెక్కపెట్టాను. ఇరవై ఒక్కరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఒక్కరే. మూడోసారి లెక్కపెడుతుంటే పర్డన్ గారి కోటు లోపల్నుంచి బిడీన్ తల బయటపెట్టింది. దాన్ని ఎప్పుడు ఎత్తుకున్నారో ఆయనకే తెలియదు.

కాసేపటికి ఆయన నన్ను పక్కకి పిలిచి, "మీకు ముందే తెలుసు కదమ్మా?" అని అడిగారు.

తెలుసన్నాను. "మా తమ్ముడు నెల కిందటే గది మూసెయ్యమని రాశాడు. తనిఖీ పాడవుతుందని నేనే వినలేదు" అన్నాను.

"ఆ ఉత్తరం ఏది?"

"పగులు మీద అతికించానండీ" అన్నాను. ఇద్దరం గుంట వైపు చూశాం.

నీ మొదటి ఉత్తరం గోడతో పాటు పోయింది. మిగతావి పొయ్యిలో వేశాను. ఫాదర్ గ్లిన్ నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. తల్లులు నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు. దీనికి నేను తగనిదాన్నేమీ కాదు. నువ్వు రాసింది ఉత్తరమే, పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి నడిపించింది నేను. కాబట్టి నీ కోసం త్యాగం చేశానని అనుకోకు. ఇద్దరం మునగడం ఎందుకని అంతే.

నీ కుర్చీలో నువ్వు కూర్చో. నాకు మాత్రం కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

సబీనా

*

డబ్లిన్
1868 డిసెంబరు 9

అక్కా,

రాయకన్నావు. ఈ ఒక్కటీ చదివి తర్వాత నీ ఇష్టం.

పర్డన్ గారి నివేదిక నీ ఉత్తరం కంటే ముందే ఇక్కడికి చేరింది. దూరం నుంచే ప్రమాదం పసిగట్టిన వాస్తుశిల్పి అని అందులో నన్ను మెచ్చుకున్నారు. పెద్దాయన అందరి ముందూ నా భుజం తట్టారు. నేను నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యంగా ఉంది.

ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుని, ఎందుకో తెలియకుండానే నా పాత స్థలాల పుస్తకాలు తీశాను. ద్రుమార్డ్ పోలీసు ఠాణా. పూడ్చిన బావి, ఉత్తరానికి తొమ్మిది కోలలు, చెప్పినవాడు గొర్రెల కాపరి. కిల్‌టోరన్ ఆసుపత్రి. పాత సీసం గని నోరు, పదిహేను కోలలు, చెప్పింది ఒక ముసలమ్మ. ఇనిష్‌కారా తీరకాపలా ఇల్లు. కింద సముద్రపు గుహ, ఏడు కోలలు. పేజీ తిప్పిన కొద్దీ అదే నా చేతిరాత, అదే పదహారున్నర లెక్క. తొమ్మిది చోట్లా ముసలివాళ్ళనే అడిగాను. తొమ్మిది చోట్లా వాళ్ళు నిజమే చెప్పారు. నేనే తప్పు కొలిచాను.

ద్రుమార్డ్‌లో ఆరు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. కిల్‌టోరన్‌లో లేచి నడవలేని రోగులున్నారు. వాళ్ళకి చప్పుడు వినిపించినా పరిగెత్తలేరు.

నీ అబద్ధం నన్ను ఒక్క బడి నుంచి కాపాడింది. మిగతా ఎనిమిదింటి మాటేంటి? నేను నోరు మూసుకుంటే, వాటిలో ఏ ఒక్క గదిలోనూ తలుపు ఊడదీయించే మనిషి ఉండదు.

పుస్తకాలన్నీ తీసుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. బార్తలీ మాట, నా నివేదిక, ఒక్క గంట అని నీకు రాసిన ఉత్తరం, అన్నీ చెప్పాను. గది మూసెయ్యమని నేనెప్పుడూ రాయలేదని, మా అక్క ఏ ఆజ్ఞా మీరలేదని, నా మాట విన్నందుకే ఆమె ఉద్యోగం పోయిందని కాగితం మీద రాసి సంతకం చేశాను. దాని నకళ్ళు ఫాదర్ గ్లిన్‌కీ పర్డన్ గారికీ ఇవాళే పంపించాను.

పెద్దాయన కాగితాన్ని తిరిగి నా వైపు జరిపారు. "ఈ కాగితం నాకు ఇంకా అందలేదనుకోండి. రేపు ఆలోచించుకుని రండి" అన్నారు.

"రేపు నేను ద్రుమార్డ్‌లో ఉంటానండీ" అన్నాను.

ఆ కుర్చీ పోయింది, ఉద్యోగమూ పోతుంది. దావా వేస్తారో జైలంటారో తెలియదు. భయంగానే ఉంది. అయినా ఈ భయం మొన్నటిది కాదు. మొన్నటిదాకా నా కోసం భయపడ్డాను.

నిన్ను క్షమించమని అడిగే ముఖం లేదు. ఒక్క సాయం అడుగుతున్నాను. ఇక్కడి గొలుసు నాకు పనికిరాదు. బార్తలీని అడిగి ఆ ముడుల తాడు ఇప్పించుకుని, శుక్రవారానికి ద్రుమార్డ్ రా. ఒక కొస పట్టుకునేవాళ్ళు కావాలి. నేను అడుగులు లెక్కపెడితే నమ్మకు. ముడులు నువ్వే లెక్కపెట్టు.

భయపడుతున్న నీ తమ్ముడు,
మాలకీ